ఆపే చెయ్యి ఎవరిది?

(కింది చేతులు – 11వ భాగం)



గత భాగంలో మ్యాన్‌హోల్ చావుల గురించి రాస్తే కొందరు మిత్రులు ఒక మాట అన్నారు. చెడ్డవాళ్ళేం కాదు. "బాధగానే ఉంది, కానీ కొన్ని పనులు స్వభావంలోనే ప్రమాదకరం కదా, ఏం చేస్తాం?" అన్నారు. ఆ "ఏం చేస్తాం"కి జవాబు ఇవాళ మ్యాన్‌హోల్ దగ్గర కాదు, విమానం రెక్క కింద వెతుకుదాం.

విమానం ఎక్కినవాళ్ళు ఈ ప్రకటన వినే ఉంటారు: ఇంధనం నింపుతున్నారు, దయచేసి సీటు బెల్టులు పెట్టుకోకండి. బెల్టు పెట్టుకోమని వెంటపడే సిబ్బందే ఆ కాసేపు విప్పి ఉంచమంటారు. కారణం మాత్రం విడమరిచి చెప్పరు. కింద మంట లేస్తే పైనున్నవాళ్ళు క్షణం ఆలస్యం లేకుండా లేచి బయటపడాలి, అందుకు. పైన కూర్చున్నవాళ్ళకి తప్పించుకునే దారి ముందే సిద్ధం చేసి పెడతారు. మంచిదే, అలాగే ఉండాలి. అదే సమయంలో కింద, రెక్క నీడలో, ఒక మనిషి గొట్టం దగ్గర నిలబడి ఉంటాడు. ఈ భాగం అతని గురించి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇంధనం నింపే పనిలో భద్రత అంటే చివరికి ఆ మనిషికి "ఆపండి" అనగలిగే అధికారం ఉండటం. యంత్రం తయారుచేసినవాళ్ళు ఆ అధికారాన్ని అక్షరాలా అతని చేతిలో పెట్టారు. మన కాంట్రాక్టు వ్యవస్థ, మన కుల వ్యవస్థ కలిసి దాన్ని అతని చేతిలోంచి లాక్కుంటున్నాయి.

ముందు పని ఏమిటో తెలుసుకుందాం. పని తెలియకుండా కార్మికుడి గురించి మాట్లాడటం మన దగ్గర పెద్ద జబ్బు.

విమానాలకి పోసే జెట్ ఎ-1 కిరోసిన్ జాతి ఇంధనం. "పెట్రోలు కాదుగా, కిరోసినేగా" అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఉంటారు. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దాని నుంచి లేవాలంటే కనీసం 38 డిగ్రీల వేడి ఉండాలి. చల్లటి దేశాల్లో ఆ అంకె ఒక రక్షణ. మే నెలలో గన్నవరంలో, శంషాబాద్‌లో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ఎండకి కాలిన కాంక్రీటు మీద ఎంతుంటుందో చెప్పులు లేకుండా నడిచిన పాదాలకి తెలుసు. చలిదేశంలో ఒలికిన ఇంధనమూ మన ఎండల్లో ఒలికిన ఇంధనమూ ఒక్కలాంటివి కావు.

ఇంకొకటి స్థిర విద్యుత్తు. ఇంధనం గొట్టాల్లోంచి, ఫిల్టర్లలోంచి వేగంగా పారుతుంటే విద్యుదావేశం పుడుతుంది. కిరోసిన్‌లో విద్యుత్తు సరిగా పారదు కాబట్టి ఆ ఆవేశం పోగుపడుతుంది. అది తొందరగా జారిపోవడానికి ఇంధనంలో ఒక రసాయనం కలుపుతారు. అదొక్కటే చాలదు. ఇంధనం బండికీ విమానానికీ మధ్య బాండింగ్ కేబుల్ అనే తీగ తగిలించి, రెండింటినీ ఒకే విద్యుత్ స్థితిలోకి తెస్తారు. తగిలించేటప్పుడు ముందు తీగ, తర్వాత గొట్టం. విప్పేటప్పుడు ముందు గొట్టం, అన్నిటికన్నా చివర తీగ. ఈ వరస తారుమారైతే రవ్వ పుట్టేది సరిగ్గా ఇంధనం ఉన్న చోటే.

బండి నిలపడానికీ పద్ధతి ఉంది. ఏదైనా జరిగితే రివర్సు చేసే పని లేకుండా ముందుకి నేరుగా వెళ్ళిపోయేలా నిలపాలి. ఆ దారికి అడ్డంగా సామాన్ల బండి గానీ, భోజనాల బండి గానీ పెట్టకూడదు. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఇంధనం నేల కింద పైపుల్లో వస్తుంది. అక్కడ గుంతలో ఉన్న వాల్వుకి ఒక తాడు కట్టి ఉంటుంది. ఏ బండో వచ్చి గుద్దినా, గొట్టం తెగినా ఆ తాడు లాగితే వాల్వు మూసుకుంటుంది. ఆ తాడు చేతికి అందేలా పరిచి ఉంచడం, గుంత దగ్గర జెండా నిలబెట్టడం, మంటలార్పే సిలిండరు దగ్గర పెట్టుకోవడం, దగ్గర్లో మెరుపులు మొదలైతే పని ఆపేయడం, ఇవన్నీ పనిలో భాగాలే.

తర్వాత నీళ్ళ పరీక్ష. ఇంధనం నమూనా గాజు సీసాలో పట్టి కంటితో చూడాలి. తేటగా, మెరుస్తూ ఉండాలి. ఆపైన సిరంజికి ఒక చిన్న క్యాప్సూల్ తగిలించి దాని గుండా ఇంధనం లాగితే, నీరుంటే క్యాప్సూల్ రంగు మారుతుంది. జెట్ ఎ-1 మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. నీళ్ళు సున్నాకే గడ్డకడతాయి. పైన, ముప్పై వేల అడుగుల ఎత్తులో, ఆ మంచు పలుకులు ఇంధనం దారికి అడ్డం పడగలవు. కింద ఒక మనిషి ఒక నిమిషం ఓపికగా సీసాలోకి చూడటం మీద పైన కొన్ని వందల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఇక అసలు విషయం. ఇంధనం పారుతున్నంత సేపూ ఆపరేటరు చేతిలో ఒక పిడి ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటేనే ఇంధనం పారుతుంది. వదిలేస్తే ఆగిపోతుంది. చాలా బండ్లలో మధ్యమధ్యలో వదిలి మళ్ళీ నొక్కాలి, మనిషి మెలకువగా ఉన్నాడని యంత్రానికి నమ్మకం కలగడానికి. దీని పేరు డెడ్‌మ్యాన్. తెలుగులో చెప్పుకుంటే చచ్చిన మనిషి. పట్టుకున్నవాడు పడిపోయినా, పారిపోయినా, చచ్చిపోయినా ఇంధనం ఆగాలని ఆ ఏర్పాటు. నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా తోడగలిగే యంత్రానికి చివరి తాళం ఒక మనిషి గుప్పిట.

ఆ గుప్పిట ఎవరిది?

మా కాలేజీలో బీఏ చదివిన ఒక కుర్రాడు ఒక ఎయిర్‌పోర్టులో ఇంధనం బండి దగ్గర హెల్పరుగా చేరాడు. పండక్కి ఊరొచ్చినప్పుడు కలిశాడు. కాగితం మీద ప్రతి బండికీ ఇద్దరు. జనం తక్కువైన రోజు రెండు బండ్లకి ముగ్గురు. "మేడం, ఒక చేత్తో డెడ్‌మ్యాన్ పట్టుకుని, మీటరు చూస్తూ, గొట్టం చూస్తూ, వెనక వచ్చే బండ్లు చూస్తూ ఉండాలి. కుదరదు. అందుకని పిడికి రబ్బరు చుట్టేస్తారు" అన్నాడు. రబ్బరు చుడితే పిడి నొక్కే ఉంటుంది, చెయ్యి ఖాళీ అవుతుంది. ఎవరు చుట్టమన్నారని అడిగాను. "ఎవరూ చుట్టమనరు మేడం. ఫ్లైటు లేటయితే ఎవరి వల్ల అని మాత్రం అడుగుతారు."

ఈ జవాబులో మొత్తం వ్యవస్థ ఉంది. రబ్బరు చుట్టమని ఏ ఉత్తర్వులోనూ ఉండదు. చుట్టకూడదని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడికి అప్పజెప్పి, నిమిషాలు లెక్కపెట్టి, చుట్టక తప్పని పరిస్థితి తెచ్చి, రేపు ఏదైనా జరిగితే "కార్మికుడి నిర్లక్ష్యం" అని రాసుకోవడానికి ఆ పుస్తకాన్ని దాచుకుంటారు. నియమం కార్మికుడి ప్రాణం కోసం పుట్టింది. వాడుకలో యాజమాన్యం మెడ తప్పించుకునే పత్రంగా మారింది.

నేను తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట గురించి చెప్పాలి. జాగ్రత్త. మూలంలో దీని అర్థం మెలకువ. మన వాడుకలో అది పైనుంచి కిందకి పడే మాట అయిపోయింది. "జాగ్రత్తగా చెయ్యరా" అని పైవాడు కిందవాడికి చెబుతాడు. కిందవాడు పైవాడితో "మనుషులు చాలడం లేదు, జాగ్రత్తగా ఏర్పాట్లు చేయండి" అనడం ఎప్పుడైనా విన్నారా? రెండు షిఫ్టులు వరసగా చేసినవాడిని జాగ్రత్తగా ఉండమనడం అంటే నిద్ర లాగేసుకుని మెలకువగా ఉండమనడం. మెలకువ ఉపదేశంతో రాదు. ఎనిమిది గంటల పనితో, సరిపడా మనుషులతో, నెలనెలా అందే జీతంతో వస్తుంది. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు పనిగంటల తగ్గింపు కోసం ఎందుకు నిలబడ్డారో, వారానికి 48 గంటలన్న 1946 చట్ట సవరణ విలువ ఏమిటో ఇక్కడ అర్థమవుతుంది.

"కార్మికుడి నిర్లక్ష్యం" అనే మాట ఎంత అబద్ధమో ప్రపంచ విమానయాన చరిత్రే చెబుతుంది.

1983 జులై 23. కెనడాలో మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్తున్న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి ఆకాశంలోనే ఇంధనం అయిపోయింది. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు గ్లైడర్‌లాగా తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్ళో పాత సైనిక రన్‌వే మీద దించారు. 69 మందీ బతికారు. ఏం జరిగింది? ఆ విమానం ఆ సంస్థలో కిలోగ్రాముల లెక్కకి మారిన కొత్త రకం. ఇంధనం కొలిచే మీటరు పనిచేయడం లేదు. చేత్తో లెక్క కట్టారు. లీటరు బరువుని కిలోల్లో 0.8 అని తీసుకోవాల్సిన చోట, పౌండ్ల అంకె అయిన 1.77 తీసుకున్నారు. కావాల్సిన దాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. వెంటనే సంస్థ ఏం చేసింది? పైలట్ల మీద, నేల మీద పనిచేసే మెయింటెనెన్స్ కార్మికుల మీద చర్య తీసుకుంది. విచారణ జరిగాక తేలింది వేరు. అంతకు ముందు విమానాల్లో ఇంధనం లెక్క చూసుకోవడానికి మూడో మనిషిగా ఫ్లైట్ ఇంజినీర్ ఉండేవాడు. కొత్త విమానంలో ఆ ఉద్యోగం తీసేశారు. ఆ లెక్క ఇక ఎవరి బాధ్యతో స్పష్టంగా ఎవరికీ అప్పగించలేదు. సరైన శిక్షణా ఇవ్వలేదు. ఉద్యోగం తీసేసి, పని మాత్రం గాలికి వదిలేసి, తప్పు జరిగితే మిగిలినవాడి మెడకి చుట్టడం. ఈ కథ మన మున్సిపాలిటీల్లో, మన కరెంటు స్తంభాల దగ్గర, మన ఆసుపత్రుల్లో మనకి బాగా తెలిసిన కథే.

2001 సెప్టెంబర్ 5. అమెరికాలోని డెన్వర్ ఎయిర్‌పోర్టులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777కి ఇంధనం నింపుతుండగా రెక్క కింద మంట లేచింది. ప్రయాణికులు, విమాన సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. కాలిన గాయాలతో చనిపోయింది ఇంధనం నింపుతున్న కార్మికుడు.

2010 ఏప్రిల్ 13. ఇండోనేషియాలోని సురబయా నుంచి హాంకాంగ్ వెళ్ళిన కాథే పసిఫిక్ ఎయిర్‌బస్ ఎ330. 322 మంది ఉన్నారు. దిగే సమయానికి రెండు ఇంజిన్లూ పైలట్ల మాట వినలేదు. ఒకటి ఎక్కువ వేగంలో ఇరుక్కుపోయింది, రెండోది లేవలేదు. మామూలు కంటే చాలా ఎక్కువ వేగంతో దించారు. ఎవరూ చనిపోలేదు గానీ, అత్యవసరంగా దిగడంలో చాలామంది గాయపడ్డారు. సురబయాలో నేల కింది ఇంధనం పైపులని పొడిగించే పనులు జరిగాయి. ఉప్పు నీరు లోపలికి చేరింది. ఆ నీరు ఫిల్టర్లలోని నీటిని పీల్చే పదార్థాన్ని చెడగొట్టింది. దాని సన్నటి గుళికలు ఇంధనంతో పాటు విమానంలోకి వెళ్ళి, ఇంజిన్ల ఇంధనం వాల్వులని పట్టేశాయి. ఆ రోజు సురబయాలో ఇంధనం నింపుతుండగా గొట్టం అదిరింది. మధ్యలో ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ చివరి విషయాన్ని ఇంకోసారి చదవండి. యంత్రం ఏదో చెబుతోంది. చేతికి తెలిసింది. చెయ్యి ఆపింది కూడా. ఆగిన దాన్ని ఆగినట్టే ఉంచి, ఎందుకు అదురుతోందో తేల్చేదాకా ఈ విమానం కదలదని చెప్పే ఏర్పాటు లేదు.

ఇప్పుడు కొందరు అడుగుతారు: ఇందులో కులం ఎందుకు తెస్తావు? విమానయానం అంటే శాస్త్రం, సాంకేతికత, అంతర్జాతీయ ప్రమాణాలు. నిజమే. ఆ శాస్త్రాన్నే అడుగుదాం.

1977 మార్చి 27. స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఢీకొనడం వల్ల జరిగిన అతి పెద్ద ప్రమాదం. పొగమంచు, రేడియో గందరగోళం వంటి కారణాలు చాలా ఉన్నాయి. ప్రమాదానికి ముందు కేఎల్ఎమ్ విమానం కెప్టెన్ తర్వాత టైం కలిసొస్తుందని అక్కడే 55 వేల లీటర్ల ఇంధనం నింపించాడు. ఆ బరువూ, ఆ మంటా రెండూ లెక్కలోకి వచ్చాయి. వీటన్నిటితో పాటు ఇంకో కారణం ఉంది. పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని కేఎల్ఎమ్ ఫ్లైట్ ఇంజినీర్ అనుమానం వ్యక్తం చేశాడు. కెప్టెన్ ఆ సంస్థలో పెద్ద పేరున్నవాడు, ఇతర పైలట్లకి శిక్షణ ఇచ్చేవాడు. అనుమానాన్ని కొట్టిపారేశాడు. కిందవాళ్ళు మళ్ళీ అడగలేదు.

ఈ ప్రమాదం, ఇలాంటివే మరికొన్ని చూశాక 1979లో నాసా ఒక సమావేశం పెట్టింది. అక్కడి నుంచి కాక్‌పిట్‌లో కొత్త శిక్షణ మొదలైంది. కిందివాడికి అనుమానం వస్తే గట్టిగా చెప్పడం నేర్పడం, పైవాడికి వినడం నేర్పడం. ఇవాళ ప్రపంచమంతా పైలట్లు ఆ శిక్షణ తీసుకోవాల్సిందే. దొంతర ప్రమాదకరమని, పెద్దరికం ముందు నోరు మూసుకుంటే మనుషులు చస్తారని విమానయాన శాస్త్రమే ఒప్పుకుంది. నేను కొత్తగా చెబుతున్నదేమీ లేదు. నా ప్రశ్న ఒక్కటే: కాక్‌పిట్‌లో ఒప్పుకున్న నిజం రెక్క కిందకి దిగేసరికి ఎందుకు మాయమవుతుంది?

కాక్‌పిట్‌లో ఇద్దరూ పైలట్లే. ఒకే చదువు, ఒకే రకం యూనిఫాం, ఇంచుమించు ఒకే తరగతి. వాళ్ళ మధ్యే నోరు పెగలక 583 మంది పోతే, కాంట్రాక్టరు కింద పనిచేసే హెల్పరు ఒక ఇంజినీరుతో "ఆపండి సార్" అనగలడా? మన భాషలో "ఆపు" అనే మాట ఎటు నుంచి ఎటు వెళ్తుందో గమనించండి. పైనుంచి కిందకి "ఆపరా" సులభంగా వస్తుంది. కిందనుంచి పైకి పోవాలంటే "సార్, కొంచెం చూస్తారా, ఏదో తేడాగా ఉన్నట్టుంది" అని వంకర్లు తిరుగుతుంది. ఆ వంకర్లలో పోయే పది సెకన్లలో పదుల లీటర్లు ఒలుకుతాయి. తాతల కాలం నుంచి దొర ఎదుట తలెత్తితే దెబ్బలు తిన్న సమాజంలో, "ఆపండి" అనే రెండో పురుష క్రియని పైవాడి మీద వాడటం ఎంత కష్టమో వ్యాకరణ పుస్తకం చెప్పదు. అనుభవం చెబుతుంది.

రెక్క కింద ఉన్నవాళ్ళందరూ దళితులే అని నేను అనడం లేదు. బీసీలుంటారు, ముస్లింలుంటారు, ఒడిశా నుంచి బీహార్ నుంచి వచ్చినవాళ్ళుంటారు, పేద అగ్రకులాల పిల్లలూ ఉంటారు. ఇక్కడ కులం అంటే తలకాయల లెక్క ఒక్కటే కాదు. ఎవరు ఎవరిని ఆపగలరు అనే అలవాటు. ఆ అలవాటులోకి ఏ కులంవాడు వచ్చి చేరినా అది వాణ్ణి కూడా కిందికే వంచుతుంది.

దీనికి కాంట్రాక్టు తోడైంది. ఇంధనం ఒకరిది, నింపే ఏజెన్సీ ఇంకొకరిది, మనుషులని సరఫరా చేసే కాంట్రాక్టరు మరొకరు. ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్ళే పాసు యజమాని దరఖాస్తు చేస్తేనే వస్తుంది. ఉద్యోగం పోతే పాసు వెనక్కివ్వాలి. అంటే "ఆపండి" అన్న మరుసటి రోజు అతను గేటు బయట ఉండొచ్చు. కాంట్రాక్టు కార్మికులని అసలు యజమానే పర్మనెంట్ చేసుకోవాలనే తీర్పు 1996లో ఎయిర్ ఇండియా కేసులోనే వచ్చింది. ఎయిర్ ఇండియా భవనాలు ఊడ్చి శుభ్రం చేసిన కాంట్రాక్టు కార్మికుల పోరాటం అది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే పర్మనెంట్ కాదని చెప్పింది. ఆ తర్వాతే ఎయిర్‌పోర్టులు ఒకటొకటిగా ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి. ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంటుంది, ప్రైవేటు కాంట్రాక్టులో ఉండదు. అలా పోయింది రిజర్వేషన్ ఒక్కటే కాదు. తీసేస్తారన్న భయం లేకుండా నోరు విప్పగలిగే ఉద్యోగం కూడా పోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ప్రమాదకరమైన పనిలో చావు తప్పదా?

విమానం రెక్క లోపలే ఇంధనం ట్యాంకు ఉంటుంది. మరమ్మతు కోసం మనిషి దానిలోకి దూరాలంటే ముందు ఇంధనం తోడేస్తారు. గంటల తరబడి గాలి కొడతారు. మీటరుతో లోపలి ఆవిరిని కొలుస్తారు. కొలత సరిగా ఉంటేనే రాతపూర్వకంగా అనుమతి ఇస్తారు. మనిషి లోపల ఉన్నంతసేపూ బయట ఇంకొక మనిషి అతనితో మాట్లాడుతూ కాపలా ఉంటాడు. ఇరుకు చోటు, విషపు గాలి, ఊపిరాడని చీకటి. మ్యాన్‌హోల్‌లో ఉన్నవీ ఇవే. ఒక చోట పద్ధతి ఉంది. ఇంకో చోట తాడూ బక్కెట్టూ ఉన్నాయి. 2013 చట్టం మనిషిని అలా దించడాన్ని నిషేధించింది. చనిపోతే పది లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావుకి ధర పెరిగింది, గ్యాస్ మీటరు మాత్రం రాలేదు. కాబట్టి "ఏం చేస్తాం" అని అడిగిన మిత్రులకి నా జవాబు ఇది: ఏం చేయాలో ఈ దేశానికి తెలుసు. విమానం విలువైనది కాబట్టి, పైన కూర్చున్నవాళ్ళు విలువైనవాళ్ళు కాబట్టి అక్కడ చేసింది. రెక్క కింద కూడా, విమానాన్ని కాపాడినంత వరకే కార్మికుణ్ణి కాపాడుతుంది. అతనొక్కడి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి రబ్బరు చుట్టేస్తుంది.

భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఉత్తరాంధ్ర పిల్లలకి ఉద్యోగాల ఆశ చూపిస్తున్నారు. "గ్రౌండ్ స్టాఫ్ కోర్సు" బోర్డులు జిల్లా కేంద్రాల్లో వెలిశాయి. భూములు పోయిన ఊళ్ళ పిల్లలే రేపు ఆ కాంక్రీటు మీద గొట్టాలు పట్టుకోవచ్చు. విద్యార్థి సంఘాలు "మా పిల్లలకి ఉద్యోగాలివ్వాలి" అని మాత్రమే అడిగితే చాలదు. ఎలాంటి ఉద్యోగం అని అడగాలి. నా జాబితా ఇది.

ఒకటి: అనుమానం వస్తే పని ఆపే హక్కు నియామక పత్రంలో రాసివ్వాలి. ఆ అనుమానం తప్పని తేలినా జీతం కోత, పాసు రద్దు ఉండకూడదు. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్నవాణ్ణి శిక్షించకూడదని 1981 నాటి ఐఎల్ఓ 155వ ఒప్పందం 13వ అధికరణం చెబుతోంది. 2022లో ఆ ఒప్పందాన్ని ప్రాథమికమైన వాటిలో చేర్చారు. సభ్యదేశాలన్నీ దాని సూత్రాలని గౌరవించాలి.

రెండు: ప్రతి విమానం దగ్గరా ఇద్దరు. ఒకరు డెడ్‌మ్యాన్ పట్టుకుంటే ఇంకొకరు చుట్టూ చూడాలి. పిడికి రబ్బరు కనిపిస్తే సంజాయిషీ ఇవ్వాల్సింది షిఫ్టు వేసినవాడు.

మూడు: శిక్షణ తెలుగులో. జీతంతో కూడిన రోజుల్లో. ఇంగ్లీషు ప్రశ్నాపత్రంలో టిక్కులు పెట్టించుకోవడాన్ని శిక్షణ అనరు.

నాలుగు: నూలు యూనిఫాం, చేతి తొడుగులు, చెవి రక్షణ, చర్మానికి వైద్య పరీక్ష ఉచితంగా. ఏళ్ళ తరబడి కిరోసిన్ తగిలిన చర్మం పగిలిపోతుంది. ఆ పగుళ్ళు కూడా పని ప్రమాదమే.

ఐదు: శాశ్వత స్వభావం ఉన్న ఈ పనికి శాశ్వత ఉద్యోగం, అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్. ఔట్‌సోర్సింగ్‌లో రిజర్వేషన్ కుదరదనే సాకు చెల్లదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2019లో ఆప్కాస్ పెట్టినప్పుడు కుదురుతుందని ఒప్పుకుంది.

ఈ పనిలో ఇప్పటికే ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నాలుగు మాటలు. తీగ ముందు పెట్టండి, చివర తీయండి, ఎవరు తొందరపెట్టినా. బండి ముందు దారికి అడ్డం వచ్చిన వాహనాన్ని తీసేదాకా మొదలుపెట్టకండి. బట్టల మీద ఇంధనం పడితే అక్కడికక్కడే లాగి విప్పకండి. పొడి బట్ట రాపిడికి రవ్వ పుట్టగలదు. ముందు నీళ్ళతో బాగా తడిపి, తర్వాత విప్పండి. పిడికి రబ్బరు చుట్టమన్నా, చుట్టక తప్పని షిఫ్టు వేసినా తేదీ, సమయం, విమానం నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఒక్కరు రాస్తే ఫిర్యాదు. పదిమంది రాస్తే సాక్ష్యం. ఆ పదిమంది కలిసి కూర్చున్న రోజున సంఘం. అప్పుడు "ఆపండి" అనేది ఒక్కడి గొంతు కాదు.

విద్యార్థి సంఘాల మిత్రులు తమ జిల్లాలో ఎయిర్‌పోర్టు ఉన్నా, రాబోతున్నా పై అయిదింటినీ తమ డిమాండ్ల పత్రంలో చేర్చాలని కోరుతున్నాను. వచ్చే భాగం కరెంటు స్తంభాల మీద పనిచేసే కాంట్రాక్టు లైన్‌మెన్ గురించి.

జై భీమ్.